ఆ చేయి ఎక్కడికి పోతోంది? నలభై ఐదు దాటాక మీకు నప్పే బట్టలు ఇలా ఎంచుకోండి

మొన్నామధ్య ఆఫీసులో ఒకావిడ రిటైరవుతుంటే నన్ను నాలుగు మాటలు మాట్లాడమన్నారు. మాట్లాడాను. ఎవరో వీడియో తీసి గ్రూపులో పెట్టారు. మాటలు బాగానే వచ్చాయి గానీ, చూస్తున్నంతసేపూ నా కళ్లు నా కుడిచేతి మీదే ఉన్నాయి. మూడు నిమిషాల్లో పదకొండుసార్లు అది ఎడమ భుజం మీదికి వెళ్లి, జారుతున్న జాకెట్టును పైకి లాగి వచ్చింది. అలా లాగుతున్నట్టు నాకప్పుడు తెలియనే తెలియదు.

ఇంటికొచ్చి "ఒళ్లొచ్చేసింది, ఇక నాకేం బాగుంటాయిలే" అనుకుని పడుకున్నాను. మర్నాడు ఆ జాకెట్టు పట్టుకుని టైలరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆమె నన్ను తొడుక్కోమని, భుజం దగ్గర గుడ్డను రెండు వేళ్లతో పట్టుకుని చూసింది. "ఇది మీ కొలత కాదు కదమ్మా, ఎవరిది?" అంది. నాదే. పన్నెండేళ్ల కిందటిది. ఇప్పుడు నాకు 52.

ఆ రోజు నుంచి ఏ బట్ట చూసినా నాది ఒకటే లెక్క: వేసుకున్నాక చేయి దాని మీదికి ఎన్నిసార్లు పోతోంది? మన వయసువాళ్లకు సలహాలు చెప్పేవాళ్లు బోలెడుమంది. ఈ రంగు వద్దు, ఆ పొడవు వద్దు, నలభై దాటాక ఇది మానేయండి, అది కొనండి. నా మట్టుకు నాకు నలుగురిలో నిల్చున్నప్పుడు ధైర్యంగా అనిపించేది ఒంటి మీద ఏముందో మర్చిపోయినప్పుడే. అలా మర్చిపోగలిగే బట్టలు ఎలా సమకూర్చుకోవాలో చెప్తాను. కొత్తగా కొనాల్సింది తక్కువే.

ముందు ఒక వారం గమనించండి

ఫోన్‌లో ఒక నోట్ తెరవండి. రోజూ ఏం వేసుకున్నారు, చేయి ఎక్కడికి పోయింది, ఈ రెండే రాయండి. "నీలం కుర్తా, పొట్ట దగ్గర లాక్కున్నా." "తెల్ల షర్టు, ఛాతీ మీద గుండీల మధ్య సందు." "చీర బాగానే ఉంది, జాకెట్టు చంక కింద ఒరుసుకుంది." ఇలా ముక్కలు ముక్కలుగా చాలు.

తెలియకుండా జరిగే పని కాబట్టి మీ లెక్క కాస్త తక్కువే వస్తుంది. అందుకని ఇంట్లో ఎవరినైనా ఒకసారి రెండు నిమిషాలు వీడియో తీయమనండి. పోజులు పెట్టకండి. కూర్చోండి, లేవండి, పై అరలో ఉన్నదేదో అందుకోండి, ఫోన్‌లో మాట్లాడుతూ అటూఇటూ తిరగండి. వెనకనుంచి కూడా తీయమనండి. మన వీపు మనం తప్ప అందరూ చూస్తారు.

వారం తర్వాత నోట్ చదివితే ఒకే చోటు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. నాకు భుజం. మా అక్కకు నడుము. నా స్నేహితురాలికి అసలు బట్టలతో పేచీయే లేదు, నోట్ నిండా చెప్పులే. ముందు ఆ ఒక్క చోటి సంగతి చూడండి. మూలపడ్డ బట్టలు చాలావరకు వాడుకలోకి వచ్చేస్తాయి.

ఒంట్లో ఏం మారిందో తెలిస్తే సగం కోపం పోతుంది

నెలసరి ఆగిపోవడం, అంటే మెనోపాజ్, ఎక్కువమందిలో 45 నుంచి 55 ఏళ్ల మధ్య జరుగుతుంది. ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తగ్గుతున్నకొద్దీ, అంతకుముందు తొడల్లో, పిరుదుల్లో చేరే కొవ్వు పొట్ట చుట్టూ చేరడం మొదలవుతుంది. బరువు చూసుకుంటే అదే అంకె. పాత ప్యాంటు మాత్రం నడుం దగ్గర పట్టదు, తొడల దగ్గర వదులవుతుంది. 40 దాటాక పదేళ్లకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున ఎత్తు తగ్గుతుంది. వీపు పైభాగం కొద్దిగా గుండ్రబడి భుజాలు ముందుకు వాలతాయి. వెడల్పు మెడ ఉన్నవన్నీ జారేది ఇందుకే. మెనోపాజ్ వచ్చిన మొదటి అయిదేళ్లలో చర్మాన్ని బిగువుగా ఉంచే కొలాజెన్ అనే ప్రోటీన్ సుమారు 30 శాతం తగ్గుతుందని చర్మవైద్యులు చెప్తారు. చర్మం పలచబడి పొడిబారుతుంది కాబట్టి, ఒకప్పుడు పట్టించుకోని గరుకు లేసూ గట్టి ఎలాస్టిక్కూ ఇప్పుడు గీరుకుంటున్నట్టు ఉంటాయి.

తిండి, నడక వీటి పాత్ర లేదని కాదు. కానీ "కాస్త తగ్గాక కుట్టించుకుంటాలే" అని రెండేళ్లు బిగుతు బట్టల్లోనే గడిపేవాళ్లు చాలామంది. నేనూ అందులో ఒకదాన్నే. తగ్గితే అప్పుడు కుట్టు లోపలికి వేయించుకోవడం అరగంట పని. అందాకా ఊపిరి బిగబట్టుకుని తిరగడమెందుకు?

టేపు పట్టండి, ఆది జాకెట్టు పక్కన పెట్టండి

టైలర్ కొలతలు తీస్తానంటే మనం ఏమంటాం? "ఆది జాకెట్టు ఇస్తాను, అలాగే కుట్టండి." ఆ ఆది కూడా దాని ముందరి ఆది చూసి కుట్టిందే. అలా పదేళ్ల కిందటి ఒళ్లు ఒక జాకెట్టు నుంచి ఇంకో జాకెట్టుకు నడిచొస్తూనే ఉంటుంది. కుట్టేవాళ్లు మాత్రం ఏం చేస్తారు, ఇచ్చినదే కుడతారు.

కాబట్టి కొత్తగా కొలవాలి. రోజూ వేసుకునే లోదుస్తుల మీదే కొలవండి. టేపు నేలకు సమాంతరంగా ఉండాలి, బిగించకూడదు, పొట్ట లోపలికి లాక్కోకూడదు. ఒక్కరే కొలుచుకుంటే చేయి ఎత్తినప్పుడు లెక్క మారిపోతుంది, తోడు ఎవరినైనా పిలవండి. భుజం నుంచి భుజం, వీపు వెడల్పు, ఛాతీ, ఛాతీ కింద, నడుము, పొట్ట ఎత్తుగా ఉన్నచోట, సీటు, జబ్బ, చంక చుట్టూ. నడుమూ పొట్టా వేరువేరుగా కొలవాలి, ఇప్పుడు అవి రెండూ ఒకటి కావు. తర్వాత కుర్చీలో కూర్చుని నడుము, పొట్ట, సీటు మళ్లీ కొలవండి. నిల్చున్నప్పటికీ కూర్చున్నప్పటికీ ఉండే తేడా చూసి నేను టేపే తప్పనుకున్నాను. రోజులో ఎక్కువసేపు కూర్చునే ఉంటాం కదా, ప్యాంటుకీ ఒంటికి పట్టే కుర్తాకీ ఆ కూర్చున్న కొలతే అసలు కొలత.

తేదీ వేసి ఆ కాగితం బీరువా తలుపుకు లోపలివైపు అంటించండి. ఆర్నెల్లకోసారి మళ్లీ కొలవండి.

రెడీమేడ్ కొనేటప్పుడు లేబుల్ మీద అంకె చూసి ఏడవకండి. ఆ అంకెల వెనక పెద్ద శాస్త్రమేమీ లేదు. 1939-40లో అమెరికా ప్రభుత్వం దాదాపు 15 వేలమంది ఆడవాళ్లను ఒక్కొక్కరిని 59 చోట్ల కొలిపించింది. ఆ కొలతల మీద ఆధారపడి 1958లో సైజుల ప్రమాణం ఒకటి తెచ్చారు. అది నిజం మనుషులకు సరిపోక 1983లో ఎత్తేశారు. ఆ తర్వాత ఎవరి సైజు వాళ్లది. ఒక కంపెనీ ఎల్ నాకు వదులు, ఇంకో కంపెనీ డబుల్ ఎక్స్ఎల్ నాకు మోకాలి దగ్గరే ఆగిపోతుంది. నా ఒళ్లు మాత్రం రెండు చోట్లా అదే. ఇష్టంగా వేసుకునే బట్టల్లో లేబుల్ కత్తిరించి పారేయడం నాకో అలవాటు.

బ్రా సంగతి తేల్చుకోకుండా టైలర్ దగ్గరికి వెళ్లకండి

సాగిపోయిన బ్రా మీద కొలతలు తీయిస్తే జాకెట్టు డాట్లన్నీ తప్పు చోట పడతాయి. బరువు మోయాల్సింది ఛాతీ కింద ఉండే పట్టీ, భుజం పట్టీలు కావు. పరీక్ష చిన్నదే: బ్రా వేసుకుని రెండు భుజం పట్టీలూ కిందికి దించండి. కింది పట్టీ ఉన్నచోటే నిలబడితే సరే. జారిందంటే అది వదులు. వీపు వైపు పట్టీ పైకి ఎగబాకుతున్నా అదే అర్థం. అలాంటప్పుడు మనం భుజం పట్టీలు బిగిస్తాం, అవి భుజంలో గాడి పడేలా కోస్తాయి, సాయంత్రానికి మెడనొప్పి.

కొత్తది కొనేటప్పుడు చివరి హుక్కు, అంటే అన్నిటికన్నా వదులు హుక్కు, పెట్టుకుంటే సరిపోవాలి. వాడుతుంటే ఎలాస్టిక్ సాగుతుంది, అప్పుడు లోపలి హుక్కులకు వెళ్లొచ్చు. కప్పు లెక్క: ఛాతీ కొలతలోంచి ఛాతీ కింది కొలత తీసేయండి. అంగుళం తేడాకు ఎ, రెండంగుళాలకు బి, మూడుకు సి, నాలుగుకు డి. ఇది ఉజ్జాయింపే, వేసుకుని చూసుకోవాల్సిందే. ఇరవై ఏళ్లుగా ఒకే సైజు అడిగి తెచ్చుకుంటున్నారంటే ఆ సైజు తప్పయ్యే అవకాశమే ఎక్కువ.

ఇప్పుడు టైలర్ దగ్గరికి

బీరువాలో మీకిష్టమైనవి, కానీ వేసుకోవడం మానేసినవి నాలుగే తీయండి. ఎక్కువ తీసుకెళ్తే అవి అక్కడే పడి ఉంటాయి. ఉతికినవి తీసుకెళ్లండి. ఎన్నడూ ఉతకని కాటన్‌ను ఆల్టర్ చేయిస్తే, ఉతికాక అది ముడుచుకుని మళ్లీ మొదటికొస్తుంది.

పక్క కుట్లు, చేతులు, పొడవు సులువుగా సరిచేస్తారు. వదులు చేయాలంటే లోపల గుడ్డ ఉండాలి, తిరగేసి చూసుకోండి. లేకపోతే చంక కింద నుంచి నడుం దాకా అదే రంగు ముక్క వేయమనొచ్చు, చేయి ఆనించి ఉంటే కనిపించదు. భుజం మార్చడం కష్టం, చేతులు మొత్తం విప్పాలి. అందుకే కొత్తది కొనేటప్పుడు ముందు భుజం చూడండి, మిగతావి తర్వాత. ఇకనుంచి ఏది కుట్టించినా రెండు పక్కలా లోపల అంగుళం గుడ్డ వదలమని చెప్పండి.

చంక గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ అందరం బోల్తా పడతాం. చేయి ఎత్తితే కుర్తా మొత్తం పైకి లేస్తోందనుకోండి. "చంక కిందికి దించండి, ఫ్రీగా ఉంటుంది" అంటాం. దించితే ఇంకా ఎక్కువ లేస్తుంది. చంక ఎంత కిందికి ఉంటే, చేయి అంత గుడ్డను తనతో పాటు పైకి లాక్కుపోతుంది. చర్మం ఒరుసుకుని ఎర్రగా అయితేనే చంక దించాలి. కుర్తా లేస్తున్నా, జాకెట్టు కిందినుంచి పైకి జరుగుతున్నా చంక ఎత్తుగా, ఒంటికి దగ్గరగా ఉండాలి, చేతిలో జబ్బ దగ్గర గుడ్డ ఎక్కువ పెట్టాలి. కుట్టేశాక చంకను పైకి తేవడం దాదాపు కుదరదు కాబట్టి ఇది కత్తిరించకముందే చెప్పాల్సిన మాట.

ఫ్రాన్స్‌కు చెందిన పేరున్న ఫ్యాషన్ డిజైనర్ కోకో షనెల్ 1954లో, 70 ఏళ్ల వయసులో, మూతపడిన తన ఫ్యాషన్ హౌస్‌ను మళ్లీ తెరిచింది. ఆవిడ కోట్లకు చంక బాగా ఎత్తుగా ఉండేది, చేయి ఎత్తినా కోటు కదలకూడదని. కోటు కింది అంచుకు లోపల సన్నటి గొలుసు కుట్టించేది, ఆ బరువుకు అది తిన్నగా వేలాడేది, ఎవరూ కిందికి లాక్కోనక్కర్లేదు. గొలుసు మనకు అక్కర్లేదు గానీ, ఎగిరిపోయే కుర్తా అంచులో ఒక మడత ఎక్కువ వేయిస్తే అదే పని చేస్తుంది.

జాకెట్టు భుజాలు జారేవాళ్లు వెనక మెడ వెడల్పు అరంగుళం తగ్గించి చూడండి. లోతు ఎంతైనా ఉంచుకోండి, జారుడుకు కారణం ఎక్కువగా వెడల్పే. నా జాకెట్టుకు ఆ టైలరమ్మ చేసింది ఇంతే.

గుడ్డ

ఒంట్లోంచి ఉన్నట్టుండి ఆవిర్లు వస్తుంటే ఇది మీకోసం. ఒక్కో ఆవిరి మామూలుగా ఒకటి నుంచి అయిదు నిమిషాలు ఉంటుంది. ఆ అయిదు నిమిషాల్లో తలమీంచి విప్పాల్సిన స్వెటర్ పనికిరాదు, ముందు తెరుచుకునేది కావాలి. లోపల పలచటి స్లీవ్‌లెస్, పైన గుండీల షర్టో, పలచటి కోటో, చున్నీయో. మెడకు పట్టేసే కాలర్లు ఈ కొన్నేళ్లు పక్కన పెట్టండి.

మామూలు గాలిలో కాటన్ తన బరువులో 7-8 శాతం దాకా తేమను పట్టి ఉంచుకుంటుంది. పాలిస్టర్ అర శాతం కూడా పట్టదు, అందుకే చెమట ఒంటి మీదే నిలుస్తుంది. కాటన్‌కు ఇంకో తంటా ఉంది, బాగా తడిస్తే తొందరగా ఆరదు, ఒంటికి అంటుకుంటుంది. లినెన్ త్వరగా ఆరుతుంది, కాకపోతే ముడతలు. నాకు ముడతల లినెన్ ఇష్టం, మా అక్కకు అది ఇస్త్రీ చేయని బట్టలాగే కనిపిస్తుంది. సింథటిక్ మనసుకు నచ్చితే కాటన్ లైనింగ్ వేయించండి. చెమట మరకలు బూడిద రంగు మీదా లేత నీలం మీదా ఇట్టే కనిపిస్తాయి. తెలుపు, ముదురు నీలం, చిన్న చిన్న ప్రింట్లు దాచేస్తాయి. స్టేజీ ఎక్కే రోజున ఈ ఒక్క విషయం గుర్తుంచుకున్నా టెన్షన్ తగ్గుతుంది.

రంగు, కళ్లజోడు, మిగతావి

నలుపు వేసుకుంటే సన్నగా కనిపిస్తారనే మాట మీద నాకు పెద్ద నమ్మకం లేదు. వయసుకో రంగు అనేదాని మీద అసలే లేదు. అయితే జుట్టు నెరిసేకొద్దీ ముఖం పక్కన ఉండే నలుపు పోతుంది కాబట్టి, ఒకప్పుడు వెలిగిన రంగు ఇప్పుడు ముఖాన్ని పాలిపోయినట్టు చూపించొచ్చు. కిటికీ పక్కన పగటి వెలుగులో నిల్చుని, నాలుగు రంగుల గుడ్డలు ఒక్కొక్కటీ గడ్డం కింద పట్టుకుని ఫొటోలు తీసుకోండి. ట్యూబ్‌లైట్ కింద చేయకండి, రంగులు మారిపోతాయి. ఫొటోలు వరుసగా చూస్తే ముందు ముఖం కనిపిస్తోందా, గుడ్డ కనిపిస్తోందా తెలిసిపోతుంది. నప్పని రంగు మీద ప్రేముంటే కింది భాగానికి వాడుకోండి.

కళ్లజోడు రోజూ ముఖం మీదే ఉంటుంది. బట్టలకు పెట్టే శ్రద్ధలో పదో వంతు కూడా దానికి పెట్టం. జారుతుంటే ముక్కు దగ్గర ప్యాడ్లు సరిచేయించండి, అదీ చేయి పోయే చోటే. అమెరికాలో ఐరిస్ ఆప్‌ఫెల్ అనే ఆవిడ పెద్ద గుండ్రటి కళ్లజోడుతోనే అందరికీ గుర్తుండిపోయింది. 2005లో ఆవిడ బట్టలూ నగలతో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శన పెట్టేనాటికి ఆవిడకు 84. 97 ఏళ్లకు మోడలింగ్ ఏజెన్సీతో ఒప్పందం చేసుకుంది. ఆవిడలా మెడనిండా చేతులనిండా వేసుకుని తిరగడం నావల్ల కాదు. ఆ కళ్లజోడు ధైర్యం మాత్రం కొంచెం అప్పు తెచ్చుకున్నాను.

చెప్పులు సాయంత్రం పూట కొనండి, పాదాలు అప్పటికి కాస్త ఉబ్బి ఉంటాయి. వయసుతో ఎముకలను కలిపి ఉంచే లిగమెంట్లు సాగి పాదం వెడల్పవుతుంది కాబట్టి రెండు పాదాలూ కొలిపించుకుని, పెద్ద పాదానికి సరిపోయేవి తీసుకోండి. చెవి తమ్మెలు సాగుతుంటే రోజూ బరువు దుద్దులు వద్దు.

బీరువా ఆఖర్న

అందరూ బీరువా ఖాళీ చేయడంతో మొదలుపెట్టమంటారు. కొలతలు తీసుకోకముందు ఖాళీ చేస్తే అరగంటలో సరిపడే బట్టను కూడా విసిరేసి, తర్వాత బాధపడతారు. ఆల్టర్ అయ్యేవి అయ్యాకే కూర్చోండి. రోజూ వేసుకునేవి కళ్లెదురుగా. "తగ్గాక" బట్టలు ఒక సంచిలో, సంచి మీద తేదీ. ఆర్నెల్లలో ఆ సంచి తెరవకపోతే ఎవరికైనా ఇచ్చేయండి. జ్ఞాపకాల కోసం దాచుకునేవి రెండో మూడో ఉంటే ఉండనివ్వండి, వాటిని బట్టల్లో లెక్కపెట్టకండి. కొనాలనిపిస్తే, చేయి ఒక్కసారీ పోని బట్ట మీ నోట్‌లో ఏముందో చూసి, అదే కొలతతో, అదే చంకతో, ఇంకో రంగులో కుట్టించండి.

నలుగురి మాట

కొత్తగా కనిపిస్తే ఎవరో ఒకరు అంటారు: "ఏంటీ ఈ వయసులో?" నాకు తెలిసినంతలో పది మందిలో ఒకరో ఇద్దరో అంటారు, మిగతావాళ్లు వాళ్ల పనిలో వాళ్లుంటారు. నేను "బాగుంది కదూ, నాకూ నచ్చింది" అనేసి మాట మారుస్తాను. వివరణ ఇవ్వడం మొదలుపెడితే మాట పెరుగుతుంది. ఒకసారి స్లీవ్‌లెస్ గురించి మా బంధువొకావిడ అన్న మాటకు నేను వేడి, చెమట, డాక్టరు అంటూ పది నిమిషాలు చెప్పుకొచ్చాను. చివరికి ఆవిడ "సరేలే, నీ ఇష్టం" అంది. ఆ మాట నేనే మొదట అని ఉంటే సరిపోయేది.

మీకే మొహమాటంగా ఉంటే ఒక్కసారే అన్నీ మార్చకండి. తెలిసిన కుర్తాతో కొత్త కళ్లజోడు, తెలిసిన చీరతో కొత్త మెడ జాకెట్టు. రెండు మూడు సార్లు వేసుకున్నాక దాని కొత్తదనం మీరే మర్చిపోతారు.

కొత్త బట్ట ఏదైనా మొదటిసారి బయటికి వేసుకెళ్లే ముందు ఇంట్లో ఒక పూట వేసుకోండి. రెడీమేడ్ అయితే ట్యాగ్ తీయకండి, మార్చుకోవడానికి పనికొస్తుంది. కింద కూర్చుని లేవండి, దుప్పట్లు మడత పెట్టండి, బట్టలు ఆరేయండి, మెట్లెక్కండి. చేయి వెళ్లిన చోటల్లా ఒక పిన్నీసు గుచ్చండి. సాయంత్రం విప్పాక ఆ పిన్నులు తీయకండి, అలాగే టైలర్ చేతికివ్వండి.